బాకీ ఉంచుకోని మనుషుల మధ్య

పోయిన నెల మా పెదనాన్నగారి మనవడు వాట్సాప్‌లో ఒక ఎక్సెల్ షీటు పంపాడు. వాడికి ఇక్కడ నార్వేలో, స్టావంగర్ ఊళ్ళో, సముద్రం అడుగున చమురు పనులు చేసే ఒక సబ్‌సీ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. షీటులో రెండు కాలమ్‌లు, ఒకదాని నెత్తిన ‘ప్లస్’, రెండోదాని నెత్తిన ‘మైనస్’. కిందంతా ఖాళీ గళ్ళు. “బాబాయ్, పద్నాలుగేళ్ళ నుంచి ఆ మనుషుల మధ్యే ఉంటున్నావు కదా, తీరిక చేసుకుని నింపి పంపు. అమ్మ టెన్షన్ పడుతోంది” అని ఒక లైను.

ఆదివారం పొద్దున్న కాఫీ కలుపుకుని కూర్చున్నాను. ఇక్కడ ఆదివారం షాపులుండవు, గోడకి డ్రిల్లు పెడితే పక్కింటివాళ్ళు ఊరుకోరు, కాబట్టి ఇలాంటి పనులకి మంచి రోజు. ప్లస్ కింద మొదటి గడిలో ‘ఎవరూ మన జోలికి రారు’ అని కొట్టాను. కాసేపు దానికేసి చూసి, అదే కాపీ చేసి మైనస్‌లోనూ పేస్టు చేశాను. రెండో గడిలో ‘ఆఫీసు నాలుగింటికల్లా ఖాళీ’ అని రాశాను. అదీ రెండో వైపుకి పోయింది. నాలుగు తర్వాత ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతే మనం ఎక్కడికి పోవాలి? పది గళ్ళు నింపేసరికి రెండు కాలమ్‌లూ కవల పిల్లల్లా తయారయ్యాయి. ఆ షీటు వాడికి పంపలేదు. దాని బదులు ఇది రాస్తున్నాను.

జీతాలు, పన్నులు, వీసా గొడవలు వాడికి కంపెనీవాళ్ళే చెబుతారు. చలి గురించి చెప్పక్కర్లేదు, రాగానే చలే చెబుతుంది. అసలు స్టావంగర్‌లో చలికన్నా వానే ఎక్కువ, అదీ అడ్డంగా పడుతుంది. గొడుగు కొనొద్దని మాత్రం ముందే చెబుతున్నాను.

చెయ్యి విరిగిన డిసెంబరు

మేం 2012లో వచ్చాం. అంతకుముందు కాకినాడలో ఉంటూ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో సముద్రం మీది చమురు, గ్యాస్ పనుల్లో తిరిగేవాణ్ణి. ఇక్కడ రెండో శీతాకాలం, 2013 డిసెంబరు. రాత్రి వాన పడి తెల్లారేసరికి రోడ్డు అద్దంలా గడ్డకట్టింది. బూట్ల కింద తగిలించుకునే మేకుల పట్టీలుంటాయి, బ్రొద్దర్ అంటారు. ముసలాళ్ళ వస్తువు అనుకుని నేను కొనలేదు. మోస్‌వాన్ చెరువు దగ్గర బస్సు కోసం నాలుగడుగులు గబగబా వేశాను, ఐదో అడుగు ఆకాశంలో పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. బిల్లు అంటూ ఏమీ రాలేదు. ఆరు వారాలు సెలవు, జీతంలో ఒక్క క్రోనర్ కూడా తగ్గలేదు. మేనేజరు ఒక మెయిల్ పెట్టాడు, “గూ బెద్రింగ్” అని. త్వరగా కోలుకో అని అర్థం. దాంతోపాటు ‘ఆఫీసు మెయిల్ చూడకు’ అని ఇంకో వాక్యం.

ఆరు వారాల్లో మా తలుపు ఒక్కరూ తట్టలేదు.

ఇదే కాకినాడ రామారావుపేటలో అయితే ఎలా ఉండేదో చెప్పనక్కర్లేదు. కొబ్బరిబోండాలు, బత్తాయిలు, ‘అసలు ఆ దారిలో ఎందుకు వెళ్ళావు’ అనే వాళ్ళు, ‘మా తోడల్లుడికీ ఇలాగే అయ్యి చెయ్యి వంకర ఉండిపోయింది’ అని ధైర్యం చెప్పేవాళ్ళు. ఇక్కడ కిటికీలోంచి వానను చూస్తూ కూర్చున్నాను. మూడున్నరకే చీకటి ముసురుకొచ్చేది. నాలుగో వారానికి నాకు కోపం మొదలైంది. పక్క సీటులో రెండేళ్ళుగా కూర్చునేవాడు, నేను తెచ్చిన కాకినాడ కాజా లెక్కపెట్టకుండా తిన్నవాడు, ఒక్క ఫోను చెయ్యలేడా?

తిరిగి చేరాక ఒకరోజు లంచ్‌లో అడిగేశాను. ఇక్కడ లంచ్ పదకొండున్నరకి, అరగంట. అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెముక్కలు, మధ్యలో ఒక పల్చటి కాగితం. అతను రొట్టె నములుతూ ఆగిపోయాడు. ముఖం ఎర్రబడింది. “నీకు ప్రశాంతంగా ఉండాలనిపిస్తుందేమో అనుకున్నాం. జబ్బుగా ఉన్న మనిషింటికి వెళ్తే పాపం అతను లేచి కాఫీ పెట్టాలి కదా” అన్నాడు.

ఆ జవాబు నాకు మింగుడు పడటానికి చాలా ఏళ్ళు పట్టింది. వాళ్ళు నన్ను పట్టించుకోలేదని నేననుకున్న ఆరు వారాలూ, వాళ్ళ లెక్కలో నాకు మర్యాద చేసినట్టు! జబ్బు మనిషి ఎవరికీ కాఫీ పెట్టక్కర్లేదు, కృతజ్ఞతగా నవ్వక్కర్లేదు, రేపు వాళ్ళకి ఒంట్లో బాగోకపోతే తిరిగి వెళ్ళి చూడక్కర్లేదు. అతన్ని ఏ బాకీలోనూ పడేయకుండా వదిలేశారు.

ఖాళీ డబ్బా

మనది ఋణానుబంధాల లెక్క. పక్కింటావిడ గుప్పెడు కరివేపాకు అడుగుతుంది, మర్నాడు రెండు ములక్కాడలు పంపుతుంది. ఆ ములక్కాడల బాకీ తీర్చడానికి మనం సంక్రాంతికి అరిసెలు పంపుతాం. ఈ లెక్క ఎప్పటికీ తెగకూడదు. తెగితే దానర్థం మాటల్లేవని.

ఇక్కడివాళ్ళు లెక్క తెగ్గొట్టాకే నిద్రపోతారు. విప్స్ అని ఫోనులో డబ్బు పంపే యాప్ ఉంది, మన ఫోన్‌పే లాంటిది. ఒకసారి సైట్ విజిట్‌కి వెళ్తూ దారిలో ముగ్గురికీ దాల్చినచెక్క బన్నులు నేను కొన్నాను. కారు ఇంకా పార్కింగ్ దాటలేదు, నా ఫోను రెండుసార్లు టింగుమంది. తలా 35 క్రోనర్లు. “అయ్యో, ఎందుకు, పర్లేదు” అన్నాను. వెనక సీట్లో ఆవిడ నిజంగానే కంగారుపడింది, “లేదు లేదు, అయిపోయిందిగా” అంది. అయిపోయింది అన్న మాట దగ్గర ఆ రోజు నా మనసు చివుక్కుమంది.

మా పై ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఉంటారు. స్కూల్లో పిల్లలకి చెక్కపని నేర్పి రిటైరయ్యారు. ఇంట్లో మేం ఆయన్ని మాస్టారనే అంటాం. 2019లో ఆయన భార్య పోయింది. ఏం చెయ్యాలో తెలియక, మా ఆవిడ కారం లేకుండా పప్పు, అన్నం, నెయ్యి స్టీలు డబ్బాలో సర్ది ఇస్తే పైకి తీసుకెళ్ళి ఇచ్చాను. అది మా అత్తగారు రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన డబ్బా, అడుగున ఆవిడ పేరు తెలుగులో చెక్కించి ఉంటుంది. మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు డబ్బా ఉంది. చెక్కించిన అక్షరాలు కూడా తళతళలాడేలా తోమి పెట్టారు. లోపల ఒక చిన్న కార్డు, దాని మీద ‘తక్’ అన్న ఒక్క మాట. థాంక్స్.

“ఖాళీ గిన్నె పంపించారేంటండీ?” అంది మా ఆవిడ. మనం ఓ పటికబెల్లం పలుకైనా వేస్తాం కదా.

తర్వాత కూడా పండక్కీ పబ్బానికీ పంపుతూనే ఉన్నాం. ప్రతిసారీ మర్నాటికల్లా డబ్బా గుమ్మంలో ఉండేది, మెరుస్తూ, ఖాళీగా.

చీపురు పట్టుకున్న రోజు

ఇంతవరకూ చదివి ‘అంటే వీళ్ళకి ఎవరితోనూ సంబంధం అక్కర్లేదన్నమాట’ అనుకుంటే పొరపాటు. అలా అనుకునే నేను మొదటి వసంతంలో పరువు తీసుకున్నాను.

అపార్ట్‌మెంట్ల సంఘం నుంచి కాగితం వచ్చింది, ఫలానా శనివారం డుగ్నాడ్ అని. అందరూ కలిసి ఆవరణ శుభ్రం చేసుకోవడం. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఉంటుంది. కాగితంలో ‘స్వచ్ఛందం’ అని ఉంది. నేను దాన్ని మన భాషలో చదువుకున్నాను. సంఘం పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, “నా వాటా పనికి ఎవరినైనా పెట్టండి, డబ్బులు నేనిస్తాను” అన్నాను, ఉదారంగా. ఆవిడ నన్ను తిట్టలేదు. కాసేపు చూసి, “పది గంటలకి మొదలవుతుంది” అని వెళ్ళిపోయింది.

వెళ్ళాను. అక్కడ ఒక సర్జన్ చెత్తబుట్టలు కడుగుతున్నాడు. డ్రిల్లింగ్ కంపెనీలో పెద్ద పొజిషన్‌లో ఉన్నావిడ మెట్ల సందుల్లో నాచు గోకుతోంది. మా మాస్టారు నా చేతికి ఒక పొడుగు చీపురు ఇచ్చి, శీతాకాలంలో చల్లిన కంకర ఊడవమన్నారు. ఒంటిగంటకి వాఫుల్స్, గోధుమరంగు తియ్యటి జున్ను, కాఫీ. చీపురు పక్కన పెట్టి కూర్చున్న నలభై నిమిషాల్లో, అంతకుముందు ఏడాదిలో మాట్లాడినదానికన్నా ఎక్కువ మాట్లాడారు. ఇండియాలో ఏ ఊరు, సముద్రం ఎంత దూరం, అక్కడ ఏ చేప పడుతుంది. పులస గురించి చెప్పాను. గోదావరికి ఎదురీదే చేప అనగానే వాళ్ళ సాల్మన్ కథ మొదలైంది.

ఆ ఉత్సాహంలో సోమవారం మెట్ల మీద ఎదురైన సర్జన్‌ని ఆపి పలకరించాను. “హై” అని దిగిపోయాడు. డుగ్నాడ్ అయిపోయిందిగా.

నాకు అర్థమైనంతవరకు ఇక్కడ మనిషికి మనిషి బాకీ పడడు, అందరూ గుంపుకి బాకీ పడతారు. ఆ బాకీ డబ్బుతో తీరదు, ఒళ్ళు వంచాలి. పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి కేకు చేసి అమ్మాలి, బ్యాండు ట్రిప్పుకి టాయిలెట్ పేపర్ కట్టలు అమ్మాలి, మే 17 జాతీయ దినం నాడు స్కూలు దగ్గర ఐస్‌క్రీం కౌంటర్లో నిలబడాలి. పరాయివాళ్ళకి తెరిచి ఉన్న తలుపు ఇదొక్కటే అని నా అనుభవం. కానీ ఆ తలుపు వరండాలోకే. ఇంట్లోకి వెళ్ళడానికి ఇంకో తలుపుంది, దాని తాళంచెవి చిన్నప్పటి స్నేహితుల దగ్గరే ఉంటుంది.

ఇది మనం విదేశీయులం కావడం వల్లేనా అని చాలాకాలం అనుమానం ఉండేది. మా టీంలో బెర్గెన్ నుంచి వచ్చినతను ఉన్నాడు. బెర్గెన్ ఎంత దూరం, పగలు అయిదారు గంటల ప్రయాణం. పదేళ్ళు స్టావంగర్‌లో ఉండి, ఒక్క ఊరివాడి ఇంట్లో కూడా భోంచెయ్యలేదన్నాడు. “నువ్వే నయం, నువ్వు విదేశీయుడివని సర్దుకోవచ్చు. నేనేమని సర్దుకోవాలి?” అన్నాడు. దానికి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. అతనూ నన్ను ఇంతవరకు భోజనానికి పిలవలేదు, అది వేరే సంగతి.

మా ఆవిడ ఒప్పుకోదు

ఈ ఋణానుబంధం సిద్ధాంతం మా ఆవిడకి చెబితే పెదవి విరిచింది. “మీ ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ కాఫీలు పెట్టింది ఎవరు?” అంది.

నా దగ్గర జవాబు లేదు. నేను తలచుకుని మురిసిపోయే రామారావుపేట ఇంట్లో మా అమ్మ మధ్యాహ్నం మూడింటికి ముందు అన్నం తిన్న రోజు నాకు గుర్తులేదు. వచ్చేపోయే వాళ్ళ ఆప్యాయత నాకు, గిన్నెలు ఆవిడకి. పెళ్ళయిన ఏడాదికే ‘ఇంకా విశేషం ఏమీ లేదా’ అని మా ఆవిడని అడిగినవాళ్ళలో ఆ కొబ్బరిబోండాలవాళ్ళే ఎక్కువ. ఇక్కడికొచ్చాక పద్నాలుగేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్నల లిస్టు ఆవిడ దగ్గర ఉంది: జీతమెంత, ఒక్కతేనా, రెండో సంతానం ఎప్పుడు, మీవాళ్ళేవిట్లు. జీతమైతే అడగక్కర్లేదనుకోండి. ప్రతి ఏటా ఎవరి ఆదాయం ఎంత, పన్నెంత కట్టారన్నది ప్రభుత్వమే చూసుకోనిస్తుంది. కాకపోతే 2014 నుంచి, ఎవరు చూశారో ఆ మనిషికి తెలిసిపోతుంది. అప్పట్నుంచి చూసేవాళ్ళు బాగా తగ్గారు. కుతూహలం ఉంటుంది గానీ, బయటపడితే సిగ్గు.

అలాగని ఆవిడకి ఇది స్వర్గమనీ కాదు. కాకినాడలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. నా వెనక డిపెండెంట్‌గా వచ్చి, తన చదువుకి తగ్గ ఉద్యోగానికి ఆరేళ్ళు ఆగింది. అప్లికేషన్లు లెక్కలేనన్ని. 2012లోనే ఇక్కడి పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఒకే అర్హతలతో నార్వేజియన్ పేరున్న దరఖాస్తు ఒకటి, పాకిస్తానీ పేరున్నది ఒకటి పంపారు. విదేశీ పేరుకి ఇంటర్వ్యూ పిలుపు వచ్చే అవకాశం దాదాపు 25 శాతం తక్కువని తేలింది. ఎవరూ మొహం మీద అనరు. “మంచి అభ్యర్థులు చాలామంది వచ్చారు” అని మర్యాదగా ఒక మెయిల్ వస్తుంది. మొహం మీద అంటే తిరిగి ఒక మాటైనా అనొచ్చు. మెయిల్‌ని ఏమంటాం?

చివరికి ఆవిడకి దారి దొరికింది ఒక బార్నెహాగెలో, అంటే పసిపిల్లల బడిలో. ఎవరైనా సెలవు పెడితే పిలిచే వికార్ పని. నాలుగేళ్ళ పిల్లల దగ్గర భాష నేర్చుకుంది. వాళ్ళు తప్పు మాట్లాడితే నవ్వరు, సరిచేస్తారు, ఇంగ్లీషులోకి మారిపోరు. పెద్దవాళ్ళతో వచ్చిన చిక్కే అది. మనం తడబడగానే జాలిపడి గడగడా ఇంగ్లీషు మొదలెడతారు. మర్యాదకే. ఆ మర్యాదలో పడి పదిహేనేళ్ళున్నా నార్వేజియన్ రాని మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇప్పుడు మా ఆవిడ నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తోంది, నాకన్నా బాగా మాట్లాడుతుంది.

భాష విషయంలో ఒక్కటి మాత్రం నాకు గొప్పగా నచ్చింది. క్లాసులో నేర్పేది పుస్తకాల భాష, బయటికొస్తే ఏ లోయవాడి యాస వాడిది. టీవీలో మంత్రి తన ఊరి యాసలోనే మాట్లాడతాడు, కోర్టులో లాయరూ అంతే. యాస మార్చుకుంటేనే వింతగా చూస్తారు. మన సినిమాల్లో ఏళ్ళ తరబడి తెలంగాణ యాసని విలన్‌కీ, శ్రీకాకుళం యాసని పనిమనిషికీ అంటగట్టిన సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి, మొదట్లో నమ్మలేకపోయాను. దీనివల్ల నాకొచ్చిన లాభమేమిటంటే, నా గోదావరి నార్వేజియన్‌ని కూడా ఏదో మారుమూల లోయ యాస అనుకుని సర్దుకుపోతారు. మా అమ్మాయి మాత్రం సర్దుకోదు. దానిది అచ్చం స్టావంగర్ గొంతు. ‘ర’ అనమంటే పుక్కిలించినట్టు గొంతులోంచి అంటుంది.

‘చంపేస్తా’ అన్న మాట

అమ్మాయి 2014లో ఇక్కడే పుట్టింది. నాకు ఆఫీసు ఇచ్చిన పితృత్వ సెలవు నెలల్లో ఉందంటే మా నాన్న నమ్మలేదు, ఉద్యోగం పోయి దాస్తున్నాననుకున్నారు. మా అత్తగారు మూడు నెలల వీసా మీద వచ్చారు. బార్నెహాగెకి పిల్లని తీసుకురావడానికి వెళ్ళి, అక్కడ పసిపిల్లలందరినీ ఉన్నిబట్టల్లో చుట్టి, తోపుడుబళ్ళలో వరండాలో వరసగా నిద్రపుచ్చడం చూసి, చేతిలో సంచి కింద పడేశారు. “చలిలో బయట పడేశారేంటమ్మా, వీళ్ళకి పిల్లలు లేరా!” చలిగాలిలో నిద్రపోతే ఆరోగ్యమని వీళ్ళ నమ్మకం. మా అమ్మాయికి ఆ ఏడాది జలుబు చెయ్యలేదు, మా అత్తగారికి చేసింది.

నవ్వులాటలు సరే, భయం సంగతి కూడా చెప్పాలి. మేం వచ్చిన ఏడాదే ఇక్కడ ఒక భారతీయ కుటుంబం నుంచి ఇద్దరు పిల్లల్ని శిశు సంక్షేమ శాఖవాళ్ళు తీసుకెళ్ళిన కేసు ఇండియా టీవీల్లో మార్మోగిపోతోంది. అదే ఏడాది డిసెంబరులో పిల్లాణ్ణి హింసించారని ఓస్లో కోర్టు ఒక తెలుగు జంటకి జైలు శిక్ష వేసింది. ఆ శాఖని ఇక్కడ బార్నెవార్నె అంటారు, ఆ పేరు ఎత్తితే మన పార్టీల్లో గొంతు తగ్గుతుంది.

మా వంతు 2018లో వచ్చింది. ఒకరోజు బార్నెహాగె నుంచి ఫోను, సాయంత్రం ఇద్దరూ ఒకసారి రండి అని. వెళ్తే టీచరు నెమ్మదిగా చెప్పింది, “మీ పాప పొద్దున్న బూట్లు వేసుకోనంటే ‘వేసుకోకపోతే అమ్మ నన్ను చంపేస్తుంది’ అంది” అని. నాకు వెన్నులో చెమట పట్టింది. చంపేస్తా, తాట తీస్తా, చమడాలెక్కదీస్తా, ఇవన్నీ మనం ముద్దు చేస్తూ కూడా వాడే మాటలని నార్వేజియన్‌లో వివరించడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. ఎంత వివరిస్తే అంత హంతకుల్లా వినిపిస్తాం. ఆవిడ అంతా విని రాసుకుంది. “ఇంట్లో అలా అంటారని మాకు తెలియడం మంచిదైంది” అంది. అక్కడితో అయిపోయింది. కానీ ఆ తర్వాత ఆరు నెలలు మా ఇంట్లో హోటల్ రిసెప్షన్‌లో మాట్లాడినట్టు మాట్లాడుకున్నాం.

పిల్లల్ని కొట్టడం ఇక్కడ 1987 నుంచి చట్టరీత్యా నేరం. అది సరైన చట్టమే అంటాను. నేను ట్యూషన్లో పేకబెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి, వాటివల్ల బాగుపడ్డానని ఎవరైనా అంటే ఒప్పుకోను. పిల్ల పొరుగు మనిషితో ధైర్యంగా చెప్పగలగడం కూడా మంచిదే. నా ఇబ్బంది వేరే. మన భాష రాని, మన ఇల్లు చూడని మనిషి చేతిలో అంత అధికారం ఉండటం. ఇది వలసవాళ్ళ గోలే అని కొట్టిపారేసే నార్వేజియన్లకి ఒక విషయం గుర్తుచేస్తుంటాను. 2019 సెప్టెంబరులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు పెద్ద ధర్మాసనం తప్పుపట్టిన కేసు సొంత నార్వేజియన్ తల్లిదే. జోలికి రాని ఈ సమాజం, వచ్చిందంటే నేరుగా ఆఫీసు ద్వారానే వస్తుంది. మధ్యలో ‘ఏవమ్మా, పిల్ల ఏడుస్తోందేంటి’ అనే పక్కింటావిడ ఉండదు. ఆవిడ లేకపోవడమే నాకు పెద్ద లోటుగా కనిపిస్తుంది. ఆవిడే ఉంటే మళ్ళీ ‘రెండో సంతానం ఎప్పుడు’ అని అడుగుతుందని మా ఆవిడ గుర్తుచేస్తుంది.

ఉద్యోగం పోయినప్పుడు

2014లో చమురు ధర పడిపోయింది. 2016కి స్టావంగర్‌లో ప్రతి వీధిలో ఇల్లు అమ్మకపు బోర్డులే. మా కంపెనీలో చివర వచ్చినవాళ్ళని ముందు తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. యూనియన్ ప్రతినిధి నా పక్కన కూర్చుని ప్రతి కాగితం చదివి పెట్టాడు. నిరుద్యోగ భృతి పాత జీతంలో 62.4 శాతం, ఒక పరిమితికి లోబడి. నాకు అప్పటికి శాశ్వత నివాసం వచ్చేసింది కాబట్టి బతికిపోయాం. నా తర్వాత రెండేళ్ళకి వచ్చిన మన గుంటూరు కుర్రాడికి ఇంకా రాలేదు. పర్మిట్ మీద ఉన్నవాడికి వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలే గడువు. పన్ను అందరితో సమానంగా కట్టాడు, గడువు మాత్రం అతనికి వేరు. సోఫా, మంచం, టైర్లు అన్నీ నెట్‌లో అమ్మేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు.

నాకు ఎనిమిది నెలల తర్వాత ఉద్యోగం దొరికింది. ఎలాగంటే, నా చెయ్యి విరిగినప్పుడు ఫోను చెయ్యని పక్క సీటతను, నాకు చెప్పకుండా ఇంకో కంపెనీలో తనకి తెలిసినవాళ్ళకి నా గురించి చెప్పాడు. అది నాకు ఇంటర్వ్యూలో తెలిసింది. స్వీట్ల డబ్బా పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అతను గుమ్మంలోనే నిలబడి ఇబ్బంది పడిపోయాడు. “నువ్వు పని బాగా చేస్తావు. ఉన్నదే చెప్పాను. దీనికి ఇదంతా ఎందుకు?” అన్నాడు. లోపలికి రమ్మనలేదు. డబ్బా మాత్రం తీసుకున్నాడు. మర్నాడు విప్స్‌లో డబ్బులు పంపుతాడేమోనని భయపడ్డాను, పంపలేదు.

ఈ ఊళ్ళో విదేశీయుల ప్రస్తావన వస్తే నార్వేజియన్లు గర్వంగా చెప్పే కథ ఒకటుంది. ఫారూఖ్ అల్ ఖాసిమ్ అని, బస్రాలో పుట్టిన ఇరాకీ జియాలజిస్టు. చిన్నకొడుక్కి సెరెబ్రల్ పాల్సీ. వైద్యం కోసం ఇరాక్‌లో మంచి ఉద్యోగం వదిలేసి 1968లో నార్వే వచ్చేశాడు. ఓస్లోలో దిగాక ఊరికి వెళ్ళే రైలుకి చాలా టైముంది. ఈలోగా పరిశ్రమల శాఖ ఆఫీసుకి నడిచి వెళ్ళి, ఇక్కడ చమురు వెతుకుతున్న కంపెనీల జాబితా ఇస్తారా, ఉద్యోగానికి రాసుకుంటాను అని అడిగాడు. ఆ శాఖలో అప్పటికి చమురు సంగతి చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. ఈయన్నే పనిలో పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ అనే చోట చమురు పడింది. 1972లో స్టావంగర్‌లో పెట్టిన పెట్రోలియం డైరెక్టరేట్‌లో ఈయన పెద్ద పదవి చూశాడు. నార్వే చమురు విధానం రూపుకట్టడంలో ఈయన చెయ్యి ఎంతుందో ఇక్కడి చమురువాళ్ళందరికీ తెలుసు.

కథ నిజమే, నాకూ ఇష్టమే. సిఫారసు లేకుండా, ఏ బాబాయ్ ఫోనూ లేకుండా, వీధిలోంచి వచ్చిన పరాయి మనిషికి పని తెలుసని గ్రహించి కుర్చీ వేయడం వీళ్ళ గొప్పతనమే. కానీ ఈ కథ చెప్పేటప్పుడు ఒక ముక్క వదిలేస్తుంటారు. ఆయన భార్య నార్వే ఆవిడ. ఆ సాయంత్రం రైలు వెళ్ళింది ఆయన అత్తవారి ఊరికి. అంటే ఇంట్లోకి వెళ్ళే తాళంచెవి ఆయన జేబులో ముందే ఉంది. మనవాడు వస్తే కుర్చీ దొరుకుతుంది, ఆ పూచీ నాది. రాత్రి భోజనానికి వెళ్ళే ఇల్లు మాత్రం మా ఇల్లొక్కటే, చాలా ఏళ్ళు.

వాడికి ఇదంతా పంపితే చదువుతాడో లేదో. వాళ్ళమ్మ మాత్రం చదివి, ‘ఇంతకీ వెళ్ళమంటావా వద్దంటావా మరిదిగారూ’ అని ఫోను చేస్తుంది. రమ్మనే చెబుతాను. వచ్చేటప్పుడు చీపురు పట్టుకోవడం చేతకావాలి, ఎవరూ పలకరించలేదని అలగడం తగ్గించుకోవాలి, బ్రొద్దర్ నేను కొనిపెడతాను.

అన్నట్టు, మూడు వారాల కిందట వినాయకచవితికి పై ఇంటి మాస్టారికి పులిహోర పంపాం, అదే అత్తగారి డబ్బాలో. ఇంతవరకు డబ్బా రాలేదు. ఏడేళ్ళలో మొదటిసారి. మొన్న మెట్ల మీద కనిపించారు, “హై” అన్నారు, డబ్బా మాట ఎత్తలేదు. “ఎనభై దాటాయి కదా, మర్చిపోయుంటారు, వెళ్ళి అడగండి, అమ్మ పేరున్న డబ్బా” అంటోంది మా ఆవిడ రోజూ.

నేను అడగను. ఉండనీ.